చిప్ప కొలత

పోయిన వారం పార్బతిని కుండలు కాల్చే ఆవం ముందు నిలబెట్టి నేను చక్కా వెళ్లిపోయాను. అన్యాయమేనని ఒప్పుకుంటాను. కానీ కాలిన ఆవాన్ని వేడి మీద తెరవకూడదు. తెరిస్తే లోపలి సామానంతా టపటపా పగిలి ఊరుకుంటుంది. అది చల్లారడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆ పిల్ల అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేక, పెట్టుకున్నది మింగలేక ఎలా అల్లాడిందో దగ్గరుండి చూసినదాన్ని నేను. మీకు ఒక్క వారం ఆగడం కష్టమైందా?

సరే. ఈ వారమే పత్రిక చేతిలోకి తీసుకున్నవాళ్ల కోసం వెనకటి సంగతి కొంచెం చెప్పి ముందుకు పోతాను.

పార్బతి ఉత్తర ఆర్కాటు జిల్లాలో గుడియాత్తం పక్కన ఒక కుమ్మరింటి పిల్ల. అసలు పేరు పార్వతమ్మ. కూలీలని ఓడ ఎక్కించే మద్రాసు డిపోలో గుమాస్తా తన నోరు తిరిగినట్టు పార్బతి అని రాసుకున్నాడు. ఫిజీలో ఇక అదే పేరైపోయింది. మొగుడు ఓడలోనే విరేచనాలు పట్టుకుని పోయాడు. 1909లో లౌటోకా రేవులో ఒంటరిగా దిగి, అక్కడికి ఎగువన కోఠీ అనే దొరల చెరుకు తోటలో గిర్మిట్‌కి వచ్చింది. గిర్మిట్ అంటే కూలి ఒప్పందం. ఆ అయిదేళ్ల గిర్మిట్‌లో ఇప్పటికి సగం గడిచింది. మిగతా సగం కూడా గడిపి, మానంగా బతికి బయటపడాలి. ఆ పిల్ల కోరిక అంతే.

కోఠీకి పైన గుట్ట మీద కెమిస్టు దొర బంగళా ఉంది. చెరుకు రసం ఎప్పుడు దానా కట్టి పంచదారవుతుందో చూసి చెప్పడం దొర ఉద్యోగం. అది అయ్యాక మిగిలిన పొద్దంతా ఆయనకి ఒకటే పిచ్చి. కూజాల మీద గాజుపూత వేసి, ఆ పూతలో పూలు పూయించాలి. తెల్ల జింకు పొడి, కడిగిన ఇసుక, సోడాతో కాచిన గాజు నూరిన పొడి, ఈ మూడూ నీళ్లలో కలిపి కూజాకి పూస్తారు. ఆవంలో అది కరిగి తేనెలా జారుతుంది. అప్పుడు మంట తగ్గించి, తగ్గిన వేడిని కొన్ని గంటలు అలాగే నిలిపితే, కరిగిన గాజులో జింకు పేరుకుని వెండి రేకుల పూలు విచ్చుకుంటాయి. పాళ్లు ఏమాత్రం తప్పినా విచ్చుకోవు. దొర వాటిని క్రిస్టల్స్ అంటాడు. పార్బతి పూలంటుంది. మనం పార్బతి పక్షం.

కుండల పని తెలిసినవాళ్లెవరని దొర అడిగిన రోజున పార్బతి చెయ్యెత్తింది. కుండల మీద ప్రేమతో కాదు. సర్దార్ భగవాన్ గుంపులోంచి బయటపడడానికి. భగవాన్ చేతికింద ముప్ఫై మంది ఆడవాళ్లు కలుపు తీస్తారు. ఎవర్ని ఏ సాలుకి పంపాలో అతని ఇష్టం. కుసుమ్ అనే పిల్లని నెల రోజులపాటు ఎవరూ లేని చోటికి ఒంటరిగా పనికి పంపాడు. ఆ నెల అయ్యాక కుసుమ్ మనుషులతో మాట్లాడడం మానేసింది. తరవాత అతని చూపు పార్బతి మీద పడింది. సరిగ్గా అప్పుడే దొర పిలిచాడు. ఎనిమిది నెలలుగా ఆ పిల్ల బంగళా వెనక కొట్టంలో పూతలు కలుపుకుంటూ కాస్త ఊపిరి పీలుస్తోంది.

ఆర్నెల్లు పూలు బ్రహ్మాండంగా పూశాయి. తరవాత పాత జింకు పీపా అయిపోయి సిడ్నీ నుంచి కొత్త పీపా వచ్చింది. అంతే, పూలు బందు. రెండు ఆవాలు బోసిగా దిగాయి. మూడోదానికి నిప్పు పెట్టించేటప్పుడు దొర ఒక మాట అన్నాడు. ఈసారీ రాకపోతే సోమవారం నుంచి నువ్వు చెరుకులోకే. పోయిన వారం మనం ఆగింది ఆ మాట దగ్గరే.

ఇంకొక గుట్టు ఉంది, అది దొరకి తెలియదు. పార్బతి ఇన్ని నెలలుగా తక్కెడ ముట్టుకోలేదు. మొదటి వారంలోనే చిన్న తూకపు రాయి ఒకటి చెయ్యి జారి, పొయ్యి ఊచల సందులోంచి నిప్పుల్లో పడిపోయింది. చెబితే ఏం చేస్తారోనని హడలిపోయి నోరు మూసుకుంది. వాళ్ల నాన్న బాలయ్య ఊళ్లో జాడీలకి పచ్చపూత కలిపింది కొబ్బరిచిప్ప కొలతతోనే. తనూ ఒక చిప్ప సంపాదించి, ఇసుక మూటల వెనక దాచుకుని, దాంతోనే కొలిచింది. నిజం చెప్పాలంటే దొర పుస్తకంలో తూకానికి ఏనాడూ ఒక్క పువ్వూ పూయలేదు. పెంకుల మీద పూసి చూసుకుంటూ, ఒకటి పెంచి ఒకటి తగ్గించి, పూయించింది పార్బతి. దొర మాత్రం అది తన లెక్కేననుకుని మురిసిపోయి, సిడ్నీలో తనలాంటి పెద్దమనుషుల సంఘానికి ఉత్తరం కూడా రాసుకున్నాడు.

ఇప్పుడు ఆవం దగ్గరికి పదండి.

శనివారం పొద్దున మిల్లు కూత అయిన కాసేపటికి దొర వచ్చి ఇటుకల మీద చెయ్యి పెట్టి చూశాడు. తియ్యమన్నాడు. పార్బతి మట్టి మెత్తి మూసిన వాకిలి ఇటుకలు ఒక్కొక్కటే లాగడం మొదలుపెట్టింది. ఇటుకలు గోరువెచ్చగానే ఉన్నాయి. ఆ పిల్ల చేతులే చల్లగా ఉన్నాయి.

మొదటి కూజా బయటికి వచ్చింది. నీలంగా నున్నగా మెరుస్తోంది. పువ్వు లేదు. రెండోది వచ్చింది. లేదు. మూడోదాన్ని దొర ఎండలోకి తీసుకుపోయి అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా నేల మీద పెట్టాడు. తిడితే బాగుండునని పార్బతికి అనిపించింది. తిట్టేవాళ్లకి కోపం దిగుతుంది. ఈ దొర తిట్టడు, మనసులో ఒక లెక్క వేసుకుంటాడు, ఆ లెక్క ఎవరి నెత్తిన పడుతుందో చివరిదాకా చెప్పడు. నాలుగో కూజా కూడా బోసిగానే దిగింది.

అయిదోదాన్ని తిరగేసి చూస్తే అడుగు అంచున, పూత జారి దళసరిగా పేరుకున్నచోట, వడ్లగింజంత పువ్వు ఒకటి కనిపించింది. ఒక్కటే.

దొర భూతద్దం తీసి చాలాసేపు చూశాడు. పార్బతి కూడా చూసింది, చూసి తనలో తాను అనుకుంది. చిక్కగా ఉన్నచోట పూసిందంటే మిగతా చోట జింకు చాలలేదు. ఎందుకు చాలలేదు? అదే చిప్ప. అన్నే చిప్పలు. ఇసుక ఏడుసార్లు కడిగింది, గాజు తనే నూరింది. ఇంక ఎక్కడ పోయింది జింకు?

దొర తెలివితక్కువవాడేం కాదు, ఆయనకీ అదే తట్టింది. ఆయన కోఠీ హిందుస్తానీలో మాట్లాడతాడు, పార్బతి కూడా అదే నేర్చుకుంది. మీకోసం నేను తెలుగులో పెడుతున్నాను.

“జింకు తూకం వేసే కలుపుతున్నావా?”

“వేస్తాండా దొరా.”

“ప్రతిసారీ?”

“ప్రతిసారీ.”

అబద్ధం చెప్పేటప్పుడు గొంతు సన్నబడిపోతుందని ఆ పిల్లకే తెలుసు. దొర ఇంకో ప్రశ్న వేసేవాడే. ఈలోగా కొట్టం చుట్టూ పాతిన గుంజల అవతల ఎవరో దగ్గారు. సర్దార్ భగవాన్. ఆ గుంజలు దాటి ఎవరూ లోపలికి రాకూడదని దొర హుకుం. పాళ్లు ఇంకెవడికైనా తెలిస్తే సిడ్నీలో తన పేరు కాస్తా వాడికి పోతుందని ఆయన భయం. కోఠీ మేనేజరైనా సరే అక్కడే ఆగి పిలవాలి. భగవాన్ ఎంతో మర్యాదగా తలపాగా తీసి, రమ్మనేదాకా ఎండలో నుంచున్నాడు. అతని మర్యాద చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

చేతిలో చిన్న మూట ఉంది. పాత చీర పేలికతో కట్టిన మూట. అది చూడగానే పార్బతి గుర్తుపట్టింది.

కూలీలుండే లైనులో గదులు తనిఖీ చేస్తుంటే ఈ ఆడదాని చాప కింద దొరికిందని భగవాన్ చెప్పాడు. ముడి విప్పి బల్ల మీద పెట్టాడు. తెల్లటి పొడి. దొర చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి చూశాడు. కూజాల వైపు చూశాడు. మళ్లీ పొడి వైపు చూశాడు. జింకు ఎందుకు చాలడం లేదో ఆయనకి సమాధానం దొరికిపోయింది. పాపం, అది తప్పుడు సమాధానం. కానీ ఎంత చక్కగా అతుక్కుందో చూశారా? కొట్టంలో జింకు తక్కువ పడుతోంది, గదిలో జింకు దొరికింది. ఇంక సాక్ష్యం దేనికి?

అసలు జరిగింది నేను చెబుతాను. లైనులో పక్క గది కౌశల్య విశాఖపట్నం వైపు మనిషి, వయసులో పెద్దది. బురదలో పనిచేసి చేసి ఆమె కాళ్లు రెండూ పుండ్లు పడ్డాయి. పాత పీపా అయిపోయినప్పుడు దాన్ని కడిగి బోర్లించమన్నాడు దొర. అడుగున అంచుల వెంట గట్టిగా అంటుకున్న పొడి ఉంది. కడిగితే కాలవలో పోయేదే. పార్బతి దాన్ని గీకి మూట కట్టి తెచ్చి, కొబ్బరినూనెలో కలిపి కౌశల్యకి రాసింది.

“ఏటే పిల్లా, కూజాలకి పూసీది నా కాళ్లకి పూసేత్తన్నావు. నాకూ పూలు పూత్తాయేటి?” అని కౌశల్య నవ్వింది. రెండు వారాల్లో పుండ్లు మానాయి. మిగిలిన పొడి మళ్లీ అవసరం పడొచ్చని చాప కింద ఉంచింది పార్బతి. దొంగతనమంటే అదీ.

ఈ కథ ఎవరికి చెబుతుంది? కోర్టులో మేజిస్ట్రేటుకి చెబుతుందా? గిర్మిట్ కూలీది దొంగతనం చేసిందంటే జైలు, జైలులో ఉన్నన్ని రోజులూ గిర్మిట్ చివర కలుపుతారు. అదంతా అయ్యాక తిరిగి రావలసింది భగవాన్ గుంపులోకే. అడగకుండానే భగవాన్ లౌటోకా ఠాణాకి తనే తీసుకుపోతానన్నాడు. దారి ఏడు మైళ్లు, చెరుకు తోటల మధ్యనుంచి. పార్బతి ఆ ఏడు మైళ్లూ తలచుకుంది.

దొర ఆలోచించుకుంటూ, ఆ పొడి ముందు పీపాలో పోసెయ్యమన్నాడు.

పార్బతి మూట చేతిలోకి తీసుకుంది. తీసుకుని అలాగే నిలబడిపోయింది.

రెండు నెలలుగా రోజూ కొత్త పీపాలో చెయ్యి పెట్టి జింకు తీస్తున్న చెయ్యి అది. కొత్త పొడి దూదిలా ఉంటుంది, ఊదితే లేస్తుంది. చిప్ప నిండా తీసుకున్నా ఏమీ తీసుకోనట్టే ఉంటుంది. ఈ మూట చూస్తే ఇంతే ఉంది, మణికట్టు కిందికి లాగుతోంది. ఇది పాత పొడి. చిప్ప అదే, చిప్పలో పట్టే జింకే వేరు. ఆవంలో, ఇసుకలో, గాజులో వెతికినది తన కొలతలోనే ఉంది. తప్పు పీపాది కాదు, పొడిది కాదు. చిప్పతో కొలిచిన తనదే.

అర్థమైన ఆనందం రెప్పపాటు కూడా లేదు. వెంటనే భయం కమ్ముకుంది. ఇది దొరకి చెప్పాలంటే మూట తనే తీసిందని ఒప్పుకోవాలి. తూకం వెయ్యడం లేదని ఒప్పుకోవాలి. తూకపు రాయి పోగొట్టానని ఒప్పుకోవాలి. ఇంతసేపూ ఒక దొంగతనమే, నోరు తెరిస్తే దానికి తోడు ఎనిమిది నెలల అబద్ధం. నోరు మూసుకుంటే ఏడు మైళ్ల దారి. దేన్ని చూసి ఎక్కువ భయపడాలో తెలియలేదు. నన్నడిగితే మనుషులు ధైర్యం వచ్చి నిజం చెప్పడం నేను ఎక్కువసార్లు చూడలేదు. ఇంకా పెద్ద భయం ఒకటి వెనక నుంచుంటే చెబుతారు. ఇక్కడ అది చేతులు కట్టుకుని గుంజకి ఆనుకుని నుంచుంది.

“దొరా, దీన్ని తీసింది నేనే,” అంది పార్బతి. “ఇది పాత పీపా అడుగుది. కొత్త దాంట్లో చిటికెడు తియ్యలా. ఒక్కసారి తక్కెడ బల్ల మీద పెట్టండి. చూపిస్తా. చూసినాక నన్ను ఏమన్నా చేసుకోండి.”

ఇసుక మూటల వెనక చెయ్యి పెట్టి చిప్ప తీసింది. అరిగి నునుపెక్కిన చిప్ప, అంచు చుట్టూ తెల్లగా జింకు పట్టేసింది. మూటలో పొడి చిప్ప నిండా పోసి, పైన అరచేత్తో చదును చేసి, తక్కెడ ఒక పళ్లెంలో గుమ్మరించింది. పీపాలో కొత్త పొడి అదే చిప్పతో తీసి, అలాగే చదును చేసి, రెండో పళ్లెంలో గుమ్మరించింది. చెయ్యి వదలగానే పాత పొడి పళ్లెం ధన్‌మని బల్లకి ఆనింది. కొత్త పొడి పళ్లెం పైకి లేచి అక్కడే ఊగుతోంది.

దొర ముందు తక్కెడని అనుమానించాడు. పళ్లేలు ఖాళీ చేయించి సరిచూశాడు. తన చేత్తో చిప్ప నింపాడు, పళ్లేలు మార్చి వేశాడు. మూడుసార్లు వేసినా పాతదే కిందికి దిగింది. అప్పుడు తూకపు రాళ్ల పెట్టె తెరిచాడు. రెండు ఔన్సుల రాయి ఉండాల్సిన గుంట ఖాళీగా ఉంది. ఆయన అడక్కముందే పార్బతి అంతా చెప్పేసింది. రాయి పడిపోవడం, భయపడడం, చిప్ప. ఎనిమిది నెలలుగా ఆ పెట్టె మూత ఒక్కసారి తీసి చూడని మనిషి దొర. ఆ సంగతి ఆయనకి గుర్తు చేసేవాళ్లు ఎవరున్నారక్కడ? నేనైతే చేసేదాన్ని.

“అంటే ఆ పూలు నా లెక్కకి వచ్చినవి కావు,” అన్నాడు దొర నెమ్మదిగా.

దొర మెడ దగ్గర మొదలై చెవులదాకా ఎర్రబడింది. సిడ్నీకి పోయిన ఉత్తరం తలపుకొచ్చి ఉంటుంది. ఆ ఎరుపు చూసి, పొడి సంగతి చెప్పడం కంటే ఇది చెప్పడమే పెద్ద ప్రమాదమని పార్బతికి తెలిసింది. దొంగని దొర క్షమించినా క్షమిస్తాడు. తన లెక్క తప్పని చూపించిన కూలీదాన్ని ఏం చేస్తాడో?

దొర భగవాన్‌ని గుంజల అవతలికి పొమ్మని, పుస్తకం ముందుకు లాక్కున్నాడు. పెన్ను తీశాడు. పార్బతి వైపు చూడడం మానేసి, పెన్ను వైపు చూస్తూ అడగడం మొదలుపెట్టాడు. గాజు పొడి ఎన్ని చిప్పలు? ఎనిమిదని చెప్పింది. ఇసుక? అయిదని చెప్పింది. ఒక్కోదాన్నీ చిప్పతో తీసి, బంగళాలోంచి ఇంకో తూకపు రాళ్ల పెట్టె తెప్పించి, తూచి రాసుకుంటున్నాడు. పెన్ను చకచకా సాగుతోంది. చిప్పలో ఉన్నదంతా పుస్తకంలోకి పోతోంది. అది పూర్తయ్యాక ఈ కొట్టంలో తనకి పనేముందని అప్పుడు తట్టింది పార్బతికి.

“జింకు?”

పార్బతి కదులుతున్న పెన్ను వైపు చూసింది. “మూడు.”

దొర పాత పొడి చిప్పెడు తూచి, మూడుతో హెచ్చవేసి, కింద గీత గీశాడు. పుస్తకం మూశాడు. తరవాత చేసిన న్యాయం ఇదీ. పొడి సంగతి కోర్టుదాకా తీసుకెళ్లడట, అది తన మంచితనం. అబద్ధాలాడే మనిషిని కొట్టంలో ఉంచుకోడట, అది తన నియమం. సోమవారం పొద్దున హాజరు పిలిచే వేళకి పార్బతి భగవాన్ గుంపులో ఉండాలి.

“బహుత్ అచ్ఛా సాబ్,” అన్నాడు గుంజల అవతలినుంచి భగవాన్.

గుట్ట దిగే దారి సన్నగా ఉంటుంది. ఒకపక్క చెరుకు, ఒకపక్క ట్రామ్ పట్టాలు. పొద్దెక్కి ఎండ కాస్తోంది. భగవాన్ ముందు నడుస్తున్నాడు, నాలుగడుగుల వెనక పార్బతి. ఆ పిల్ల ఏడవలేదు. పమిట చాటున వేళ్లు ముడుచుకుంటూ లెక్కపెట్టుకుంటోంది. దొర ఇవాళే పూత కలిపిస్తాడు. పూసి ఆరబెట్టడానికి రెండు రోజులు. ఆవం పేర్చడం, కాల్చడం, చల్లార్చడం, అన్నీ కలిపి తొమ్మిది రోజులు. తొమ్మిదో రోజున ఆవం మళ్లీ బోసిగా దిగుతుంది. అప్పుడు తనని పిలవక ఆయనకి గత్యంతరం ఉండదు.

బోసిగా ఎందుకు దిగుతుందంటారా? జింకు మూడు చిప్పలు కాదు, నాలుగు.

తెలివిగా ఎత్తు వేసిందని మెచ్చుకోకండి. అంత తెలివి ఆ క్షణంలో ఎవరికి ఉంటుంది? ఉన్నదంతా ఆ పెన్ను లాగేసుకుంటోందని హడలి, ఒక్క చిప్ప దాచుకుంది. మునిగిపోతున్నవాళ్లు చేతికి అందినదాన్ని పట్టుకున్నట్టు పట్టుకుంది. తొమ్మిది రోజులు ఎలాగైనా నెట్టుకురావాలి. కౌశల్యని పక్కన పెట్టుకుంటే, జ్వరమని పడుకుంటే, ఎలాగో ఒకలాగ.

ట్రామ్ పట్టాలు మలుపు తిరిగేచోట భగవాన్ ఆగాడు. వెనక్కి తిరిగాడు. అటూ ఇటూ చూశాడు. శనివారం పూట ఆ వైపు పని లేదు, మనుషులు లేరు.

“మూడు చెప్పినావ్ సాబ్‌కి,” అన్నాడు. లైనులో వినీ వినీ నేర్చుకున్న తెలుగు అది, నెమ్మదిగా ఒక్కో మాటా పేర్చి మాట్లాడతాడు. “ఇందాక కొట్టం తడిక వెనక నుంచి విన్నా. ముందు అట్లే చూసినా. చాలాసార్లు చూసినా. నువ్వు నాలుగు వేస్తావ్.”

ఎనిమిది నెలలు ఒక్కటే సుఖం అనుభవించింది ఆ పిల్ల, ఆ కొట్టంలో తనని ఎవరూ చూడడం లేదని. అదీ నిజం కాదన్నమాట. పమిట గట్టిగా బిగించుకుంది.

భగవాన్ తొందరపడలేదు. సాబ్‌కి తను చెప్పదలచుకోలేదట. సాయంత్రంలోగా పార్బతి తన గిన్నెలూ చాపా తీసుకుని అతని గదికి వచ్చేస్తే ఆ మాట ఎప్పటికీ చెప్పడట. రాకపోతే రేపు ఆదివారం, సాబ్ తీరిగ్గా ఉంటాడు. కూలీది మళ్లీ మోసం చేసిందని తెలిస్తే ఈసారి మంచితనం ఉండదు. ఇదంతా అతను ఎంతో మంచి మాట చెబుతున్నట్టు, నవ్వుతూ, చేత్తో చెరుకాకు చీలుస్తూ చెప్పాడు.

పార్బతి అతని ముఖం చూడలేక ఆ చేతుల వైపు చూసింది. ఆ చేతులున్న గదిలో చాప పరుచుకోవడం తలచుకుంది. తలచుకోవడం పూర్తికాకముందే కాళ్లు వెనక్కి తిరిగాయి. గుట్ట మీదికి పరుగెత్తింది.

పరుగెత్తి ఏం చెప్పాలో తెలియదు. నాలుగని చెప్పేస్తే భగవాన్ పట్టు పోతుంది, దానితోపాటు తనకున్న ఒక్క ఆశా పోతుంది. పైగా దొర ఠాణాకి పంపుతాడు. అయినా పరుగెత్తింది. వెనక చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. పమిట ముళ్లకంపకి పట్టుకుంటే చింపుకుని పోయింది. గుంజలు దాటి, కొట్టం వాకిట్లో పడి, గుమ్మం పట్టుకుని నిలబడింది.

దొర బల్ల ముందు కూర్చుని పూత తొట్టి దగ్గరికి లాక్కుంటున్నాడు. తక్కెడలో జింకు ఉంది.

“దొరా, మూడు కాదు,” అంది పార్బతి. ఊపిరి అందడం లేదు.

దొర తలెత్తాడు. ఆయన చెవులు మళ్లీ ఎర్రబడడం పార్బతి చూసింది. “మరెన్ని?”

వెనక గుంజల దగ్గర చెప్పుల చప్పుడు ఆగింది. ఆగింది గుంజల అవతల కాదు, ఇవతల. పరుగు వేడిలో భగవాన్ హద్దు మరిచిపోయాడు. దొర చూపు పార్బతి మీదనుంచి అతని కాళ్ల మీదికి పోయింది. ఆ చూపు ఎక్కడికి పోయిందో పార్బతి కూడా గమనించింది. ఈ దొర దేన్ని చూసి భయపడతాడో ఎనిమిది నెలలు ఆ కొట్టంలో ఉన్న మనిషికి తెలియదా? పొడి పోతే భయపడడు. కూలీది చస్తే భయపడడు. తన పాళ్లు పరాయి కంట పడితే మాత్రం నిద్రపోడు.

“సర్దార్‌కి తెలుసు దొరా,” అంది పార్బతి. “ఎన్ని చిప్పలో ఆయన్నే అడగండి. ఆయనకెట్ల తెలుసో అదీ అడగండి.”

భగవాన్ నాలుగంటే తడిక వెనక నుంచి చూసినవాడవుతాడు. తెలియదంటే పార్బతి ఒక్క పూటలో మూడోసారి అబద్ధం ఆడినదవుతుంది, మధ్యాహ్నానికల్లా ఠాణాలో ఉంటుంది, తీసుకెళ్లేది కూడా అతనే. ఆ సంగతి పార్బతికి తెలుసు, భగవాన్‌కీ తెలుసు. గుమ్మం పట్టుకున్న వేళ్లు నొప్పి పుడుతున్నా ఆ పిల్ల వదల్లేదు.

దొర తక్కెడ పక్కకి నెట్టి లేచాడు. పార్బతిని దాటుకుని గుమ్మంలోకి వెళ్లి, భగవాన్ ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

“ఎన్ని చిప్పలు, సర్దార్?”

భగవాన్ పెదవులు తడుపుకున్నాడు. ఒకసారి పార్బతి వైపు చూసి, నోరు తెరిచాడు.